రాయని రూళ్ళు

మా లేడీస్ హాస్టల్లో ఎవరినీ పేరు పెట్టి పిలిచేవాళ్ళు కాదు. ఊరి పేరే మనిషి పేరు. నేను పుంగనూరు. నా రూములో ఒకమ్మాయి రాజంపేట, ఇంకొకమ్మాయి వెంకటగిరి. ఎదురు రూములో కావలి, పీలేరు, పలమనేరు. "మదనపల్లె వాళ్ళకి విజిటర్సొచ్చినారమ్మా" అని వాచ్‌మన్ కిందనుంచి కేకేస్తే మూడు రూముల్లోంచి ముగ్గురు బయటికొచ్చేవాళ్ళు. ఇప్పటికీ కొందరి అసలు పేర్లు గుర్తు తెచ్చుకోవాలంటే కాస్త ఆలోచించాలి. ఊరు మాత్రం ఠక్కున నోటికొస్తుంది.

1991లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. హిస్టరీలో చేరాను. పుంగనూరు పక్కన మా పల్లెలో అంత చదువుకు ఇల్లు దాటిన మొదటి ఆడపిల్లని నేనే. నాయన ట్రంకుపెట్టె, పరుపుచుట్ట బస్సు టాపు మీద వేయించి తెచ్చాడు. గేటు దాటి లోపలికి నడుస్తుంటే చెట్లే చెట్లు, వాటి వెనక శేషాచలం కొండ గోడ కట్టినట్టు. దాదాపు వెయ్యి ఎకరాల క్యాంపస్ అని అప్పటికి మాకు తెలీదు. "ఇంత అడివిలో ఎట్లుంటావుమే" అన్నాడు నాయన. ఆ మాట అన్న మనిషే హాస్టల్ మెట్ల మీద నలుగురు ఆడపిల్లలు చదువుకుంటూ కనబడేసరికి ఊపిరి పీల్చుకుని, "సరే, మంచి పిలకాయలే ఉండారు" అని బస్సెక్కి వెళ్ళిపోయాడు.

ఆ "మంచి పిలకాయలు" అనే మాట చుట్టూనే మా రెండేళ్ళూ తిరిగాయి.

హాస్టల్ రూళ్ళు నోటీసు బోర్డు మీద ఒక కాగితంలో ఉండేవి. సాయంత్రం రిజిస్టర్‌లో సంతకం పెట్టాలి, ఊరికెళ్తే లెటరు ఇవ్వాలి, మెస్ బిల్లు గడువులోపు కట్టాలి. వాటితో ఎవరికీ బాధ లేదు. అసలు రూళ్ళన్నీ ఎక్కడా రాయనివి. క్లాసుకు ఒక్కతే వెళ్ళకూడదు, గుంపుగా వెళ్ళాలి. చీరో ఓణీయో కట్టుకుంటే ఏ మాటా రాదు. చుడీదార్ అప్పుడప్పుడే వస్తోంది, వేసుకుంటే చున్నీకి రెండు భుజాల దగ్గరా పిన్ను ఉండాల్సిందే. క్లాస్‌మేట్ అబ్బాయిని పేరుతో పిలవకూడదు, "ఏవండీ" అనాలి. ఒక సంవత్సరం పైవాడైతే "అన్నా". ఆ ఒక్క పిలుపుతో మాటలు కలపడానికి లైసెన్సు దొరికేది. శుక్రవారం తలస్నానం చేసి తిరుచానూరు వెళ్ళాలి. లైబ్రరీలో మగపిల్లల టేబుళ్ళ వైపు మొహం పెట్టి కూర్చోకూడదు. ఇవన్నీ సీనియర్ అక్కలు చెప్పేవాళ్ళు. వాళ్ళకి వాళ్ళ సీనియర్లు చెప్పారు. "ఎందుకక్కా?" అంటే "మన హాస్టల్లో అట్లే" అనేవాళ్ళు. అక్కడితో ఆ మాట అయిపోయేది.

ఇప్పటి పిల్లలకు ఇవన్నీ చెబితే "మీరంతా ఎట్లా ఒప్పుకున్నారు?" అంటారు. ఒప్పుకోవడానికి కారణం ఉంది, అది చిన్న కారణమేం కాదు.

రాయలసీమకు యూనివర్సిటీ అనేది తేలిగ్గా రాలేదు. 1937లో కోస్తా, సీమ నాయకులు శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్నప్పుడే సీమకు యూనివర్సిటీ కేంద్రం ఇస్తామన్న మాట అందులో ఉంది. అనుకున్న ఊరు అనంతపురం. ఆంధ్ర రాష్ట్రం వచ్చాక, టంగుటూరి ప్రకాశం ముఖ్యమంత్రిగా ఉండగా, 1954లో తిరుపతిలో వెంకన్న పేరు మీద యూనివర్సిటీ వచ్చింది. అనంతపురానికి సొంత యూనివర్సిటీ రావడానికి 1981 దాకా పట్టింది. మా క్లాసులో ఉన్నవాళ్ళ ఇళ్ళల్లో చాలామందికి పెద్ద చదువు అప్పటికింకా కొత్త. వేరుశెనక్కాయలు పండితే ఫీజు, పండకపోతే అప్పు. అందులోనూ ఆడపిల్లని హాస్టల్లో పెట్టి చదివించడమంటే ఊరంతా కళ్ళు పెట్టుకుని చూసే సంగతి. మాలో ఒక్కరి గురించి ఏదైనా పుకారు పుడితే అది తిరుపతిలో ఆగదు. బస్సెక్కి ఊరికి చేరుతుంది. ఆ ఊళ్ళో ఇంటర్ చదివే చెల్లెలి చదువు ఆపేస్తారు, పక్కింటి అమ్మాయి చదువు కూడా ఆపేస్తారు. రాజంపేట అమ్మాయికి ముగ్గురు చెల్లెళ్ళు. చున్నీకి పిన్ను పెట్టుకుంటూ అద్దంలో చూసుకుని, "నేను సరింగా ఉంటేనేమే వాళ్ళు వచ్చేది" అనేది. వాళ్ళు వచ్చారు కూడా. ఆఖరి చెల్లెలు పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో చదివి ఇప్పుడు జూనియర్ కాలేజీలో లెక్చరర్. అందుకని ఆ రూళ్ళను పాటించిన ఆడపిల్లల్ని భయస్తులు అంటే నేను ఊరుకోను.

పైగా ఆ కట్టుబాటులో వెచ్చదనం ఉండేది. జ్వరమొస్తే గంజి కాచి తెచ్చేవాళ్ళకి లెక్కలేదు. మనియార్డర్ ఆలస్యమైతే అడక్కముందే ఎవరో ఒకరు మెస్ బిల్లు సర్దేవాళ్ళు. మెస్‌లో డివైడింగ్ సిస్టం, నెలంతా అయిన ఖర్చుని అందరికీ పంచేస్తారు. బిల్లు పెరిగితే నెల్లూరు వాళ్ళు పలమనేరు వాళ్ళ మీద, పలమనేరు వాళ్ళు కడప వాళ్ళ మీద అరుచుకునేవాళ్ళు. రాగి సంగటి చేయించిన రోజు నెల్లూరమ్మాయిలు ప్లేట్ ముందు పెట్టుకుని దీన్ని ఎట్లా మింగాలని చూస్తుంటే, మేం పక్కన కూర్చుని వేళ్ళతో ముద్ద తుంచి, మధ్యలో గుంట చేసి, ఊరుబిండి పచ్చడి పెట్టి, నమలకుండా మింగడం నేర్పాం. రెండో సంవత్సరానికి కావలి అమ్మాయి మాకంటే ఒక ముద్ద ఎక్కువే తినేది.

పరీక్షల ముందు కొండ నడిచి ఎక్కడం కూడా అందరూ కలిసి చేసే పనే. తెల్లవారుజామున అలిపిరిలో మొదలుపెట్టి, గాలిగోపురం దగ్గర కాళ్ళు పీకుతుంటే కూర్చుని, మోకాళ్ళ పర్వతం దగ్గర ఒకరినొకరు లాక్కుంటూ, 3,550 మెట్లు. ఆ నెలల్లో క్యాంపస్‌లో మగపిల్లల్లో ఎక్కడ చూసినా గుండ్లే. కొత్తగా గుండు కొట్టించుకొచ్చినవాడిని "ఏమైంది?" అని తిరుపతిలో ఎవరూ అడగరు. నేను ఆ ఊరిని ప్రేమించడానికి అదొక కారణం.

ఇబ్బంది ఎక్కడ వచ్చిందంటే, ఆ ఒద్దిక బట్టల దగ్గర ఆగలేదు. చదువులోకి వచ్చేసింది.

సీనియర్ నోట్స్ అని ఒకటి ఉండేది. ఆ తరంలో పీజీ చేసినవాళ్ళందరికీ తెలుసు. ప్రతి పేపరుకీ ఒక కట్ట, ఎప్పుడో ఏదో బ్యాచ్‌లో గోల్డ్ మెడల్ తెచ్చుకున్నామె రాసింది. దాన్ని చూసి ఇంకొకామె రాసింది, ఆ రాసినదాన్ని జిరాక్స్ తీసింది, ఆ జిరాక్స్‌కి జిరాక్స్. అక్షరాలు మసకబారిన చోట ఎవరో బాల్‌పెన్‌తో దిద్దారు. మార్జిన్లో "వెరీ ఇంపార్టెంట్" అని మూడు రకాల చేతిరాతలు. ప్రశ్న ఏదొచ్చినా జవాబు అందులోంచే. మా కట్టలో తళ్ళికోట యుద్ధం 1556 అని ఉండేది. జరిగింది 1565లో. ఎవరో రాసేటప్పుడు అంకెలు తారుమారు చేశారు, తర్వాతి వాళ్ళంతా భక్తిగా అదే దించారు. టెక్స్ట్ బుక్ తెరిచి చూపించినా "నోట్స్‌లో అట్లుంది కదా" అన్న అమ్మాయి నాకు బాగా గుర్తు. క్లాసులో సార్ చెప్పిన పాఠం మీద డౌట్ అడగడం మర్యాద కాదు. తోటివాళ్ళు సెమినార్ ఇస్తుంటే ప్రశ్న వేయడం అంతకంటే పెద్ద తప్పు. నువ్వు నన్ను అడగొద్దు, నేను నిన్ను అడగను. సెమినార్ అయిపోగానే చప్పట్లు, కిందకెళ్ళి టీ.

ఆ టీ తాగే వరుసను చెడగొట్టింది నగరి అమ్మాయి.

నగరి తమిళనాడు సరిహద్దు. వాళ్ళింట్లో రెండు భాషలూ కలిసి నడిచేవి. అవ్వగారి ఊరు తిరుత్తణి. 1960లో సరిహద్దులు మార్చినప్పుడు తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోయింది, సత్యవేడు మనకొచ్చింది, చుట్టాలు రెండు వైపులా మిగిలారు. ఆమె తెలుగు యాస తమిళం వైపు ఊగేది. హాస్టల్లో ఆమె మాట్లాడితే వెనకనుంచి ఎవరో ఒకరు అట్లే అని చూపించి నవ్వేవాళ్ళు. చాలామంది ఆ నవ్వులకి భయపడే నెల తిరక్కుండా యాస మార్చుకున్నారు. కడపమ్మాయి "అబ్బీ" మానేసింది, నేను కూడా "వస్తా ఉండా" మానేసి "వస్తున్నాను" అనడం మొదలుపెట్టాను. నగరి అమ్మాయి ఏమీ మార్చుకోలేదు. ఎవరైనా వెక్కిరిస్తే తిరిగి చూసి, "అర్థమైంది కదా? చాలు" అనేది. కోపం లేకుండానే అనేది. మా రోల్ నంబర్లు పక్కపక్కనే కాబట్టి క్లాసులో, పరీక్షల్లో, సెమినార్లలో నా పక్క సీటు ఆమెదే. అందుకే ఆమెను అంత దగ్గరగా చూడగలిగాను.

మొదటి సంవత్సరం ఆమెకొచ్చిన సెమినార్ టాపిక్ విజయనగర కాలంలో తిరుమల ఆలయం. సీనియర్ నోట్స్‌లో దీనికి మూడు పేజీలున్నాయి. కృష్ణదేవరాయలు 1513 నుంచి 1521 మధ్య ఏడుసార్లు కొండకొచ్చాడు, ఏమేం నగలిచ్చాడు, తిరుమలదేవి, చిన్నాదేవిలతో కలిసి నిలబడిన విగ్రహాలు గుళ్ళో ఉన్నాయి, ఇంతే. అది చదివేస్తే సరిపోయేది. ఆమె లైబ్రరీకి వెళ్ళి దేవస్థానం వాళ్ళు అచ్చేసిన శాసనాల సంపుటాలు తీసింది. దుమ్ము పట్టిన లావుపాటి పుస్తకాలు, సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిలాంటి పండితులు గోడల మీది రాళ్ళను ఒక్కొక్కటిగా చదివి పోగుచేసినవి. ఆ శాసనాల్లో చాలా భాగం తమిళమే. మాకు మూసిన తలుపు, ఆమెకు ఇంటి వాకిలి. రోజూ సాయంత్రం రిజిస్టర్ సంతకం టైముదాకా అక్కడే కూర్చుని, వేలితో ఒక్కో వరుస వెంట పోతూ, పెదాలు కదిలిస్తూ చదివేది. అక్కడక్కడ ఆగి, నా భుజం తట్టి, "ఇది విను" అని తెలుగులో చెప్పేది.

ఏం చెప్పేదంటే: భక్తుడు స్వామికి డబ్బిస్తాడు. ఆ డబ్బుని గుడివాళ్ళు హుండీలో పడేసి ఊరుకోరు. గుడి మాన్యం ఉన్న పల్లెల్లో చెరువు తవ్విస్తారు, కాలవ తీయిస్తారు. నీళ్ళొచ్చి పంట పెరుగుతుంది. ఆ పెరిగిన పంటలోంచి దాత పేరు మీద స్వామికి నైవేద్యం. నైవేద్యమైన ప్రసాదంలో నాలుగో వంతు దాతది. ఆ వాటాని ఆయన తినొచ్చు, సత్రానికి ఇవ్వొచ్చు, ఇంకొకరికి రాసివ్వొచ్చు. రాజులే ఇచ్చారనుకోవద్దు. వ్యాపారులు ఇచ్చారు, ఆచార్యులు ఇచ్చారు, అన్నమయ్య వంశమైన తాళ్ళపాక వాళ్ళు ఇచ్చారు. అంతకు ఎంతో ముందు సామవై అనే పల్లవ రాణి వెండితో భోగ శ్రీనివాసమూర్తిని చేయించి ఇచ్చింది, దానికీ శాసనం ఉంది. మా ఇంట్లో చెరువు కింద మడి ఉంది కాబట్టి నాకు ఆ తూము, ఆ కాలవ, ఆ నీళ్ళ వాటా కళ్ళకు కట్టినట్టు అర్థమైపోయాయి. చరిత్ర పుస్తకంలో మా నాయన చేసే పని కనబడటం అదే మొదటిసారి.

సెమినార్ రోజు ఆమె ఇదంతా తన యాసలోనే చెప్పింది. మధ్యలో ఒక శాసనం తమిళ పాఠం చదివి అర్థం చెప్పింది. వెనక బెంచీల్లో నవ్వులు లేచాయి, తర్వాత తగ్గిపోయాయి. అయ్యాక మా సార్ లేచి, బర్టన్ స్టైన్ అనే అమెరికన్ చరిత్రకారుడు ఈ సంగతి మీదే 1960లో పెద్ద వ్యాసం రాశాడనీ, అది తెప్పిస్తాననీ చెప్పి, "ఈమెను ఎవరైనా ప్రశ్నలడగండి" అన్నారు. ఎవరూ నోరు విప్పలేదు. అట్లా అడగమన్నా అడక్కపోవడమే మా పద్ధతి.

తర్వాతి వారం కావలి అమ్మాయి సెమినార్. నగరి అమ్మాయి చెయ్యెత్తింది. "ఈ లెక్క ఏ శాసనంలో ఉంది?" అని ఒకే ఒక ప్రశ్న. కావలి అమ్మాయి దగ్గర జవాబు లేదు, సీనియర్ నోట్స్‌లో లేదు కాబట్టి. రాత్రి ఏడ్చింది. భోజనాలయ్యాక ఆరేడుమంది కలిసి నగరి అమ్మాయి రూముకు వెళ్ళారు. నేనూ ఉన్నాను అక్కడ, మంచం మీద ఆమె పక్కన.

"ఏంమే, తోటిపిల్లని అందరి ముందరా అట్ల నిలబెడతావా?" అంది పలమనేరు.

"నన్నూ అడగండి, నేనేం వద్దన్నానా?"

"మనలో మనకి అడుక్కోడాలేంది? మగపిల్లల ముందర పరువు పోలా?"

"పరువెందుకు పోతుంది? తెలీదని చెప్తే సరిపోయె. నాకూ సగం తెలీదు."

చాలాసేపు అట్లా నడిచింది. ఎవరూ గెలవలేదు. ఆ తర్వాత కొన్నాళ్ళు మెస్‌లో ఆమె కూర్చున్న టేబుల్ దగ్గర ఖాళీ కుర్చీలు కనబడేవి. నా కుర్చీ మాత్రం అక్కడే వేసుకునేదాన్ని, వేరే ఎక్కడైనా నాకు కబుర్లు చప్పగా ఉండేవి. ఆమె మాత్రం అన్నం కలుపుకుంటూ, కొత్తగా చదివినదాన్ని చెబుతూ, కుర్చీలు ఖాళీగా ఉన్నట్టు గమనించినట్టే కనబడేది కాదు. గమనించిందని నాకు తెలుసు. ఒక రాత్రి లైటు తీసేశాక, "నేనంటే వీళ్ళకి అంత కోపమా పుంగనూరూ?" అని అడిగింది. "కోపం కాదు, భయం" అన్నాను. ఆ మాట ఇప్పుడైనా అట్లే అంటాను.

ఆ భయం కొందరి మీద మిగతావాళ్ళకంటే ఎక్కువ బరువు వేసేది. 1990లో వెనుకబడిన కులాల రిజర్వేషన్ల మీద మండల్ గొడవ మొదలైనప్పటినుంచీ క్యాంపస్ రెండుగా చీలే ఉంది. 1992 నవంబర్లో దాని మీద సుప్రీంకోర్టు తీర్పొచ్చిన రోజు హాస్టల్లో రేడియో దగ్గర నిలబడినవాళ్ళు రెండు గుంపులుగా విడిపోయారు, ఏ గుంపులో ఎవరున్నారో చూస్తే ఎవరి కులమేదో తెలిసిపోయేది. అందరూ ఒకటే మాట మీద ఉండాలనే హాస్టల్లో ఆ ఒక్క విషయం మీద మాత్రం ఎవరూ నోరెత్తకూడదన్నది రూలు. సోషల్ వెల్ఫేర్ హాస్టళ్ళలో చదివి పైకొచ్చిన అమ్మాయిలు మా వింగ్‌లో ఉండేవాళ్ళు. అందరిలాగే చీర, అందరిలాగే పూలు, అందరిలాగే శుక్రవారం తిరుచానూరు. అయినా ఎవరో ఒకరు వాళ్ళ స్కాలర్‌షిప్ గురించి ఒక మాట విసిరేవాళ్ళు. అందరిలా ఉండటానికి వాళ్ళు పడినంత శ్రమ ఇంకెవరూ పడలేదు. ఆ శ్రమకు దక్కాల్సిన గౌరవం దక్కలేదు. ఒద్దిక అని మేం గర్వంగా చెప్పుకున్నదానిలో ఈ అన్యాయం కూడా ఉంది. దీన్ని పక్కన పెట్టి ఆ రోజుల గురించి తీపిగా మాత్రమే రాయడం నాకు చేతకాదు.

ఇన్ని రూళ్ళ మధ్య బతుకుతూ మేం తిరుపతి సంప్రదాయం గల ఊరు అని అనుకుంటూనే ఉన్నాం. ఆ సంప్రదాయం నిజంగా ఎట్లుంటుందో మే నెలలో కళ్ళారా చూశాం. పరీక్షలు అయ్యీ కాకముందే తాతయ్యగుంట గంగమ్మ జాతర. గంగమ్మ వెంకటేశ్వరస్వామికి చెల్లెలని ఊళ్ళో నమ్మకం, జాతరకు దేవస్థానం నుంచి సారె వెళ్తుంది. ఆడపిల్లల్ని చెరబట్టే పాలెగాడొకడు ఉండేవాడట, గంగమ్మ పుట్టి వాడి వెంటపడితే దాక్కున్నాడట, రోజుకొక వేషం వేసుకుని వెతికి చివరికి దొరవేషంలో బయటికి రప్పించి చంపిందట. అందుకే ఆ వారమంతా ఊళ్ళో వేషాలు. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం.

రాజంపేట అమ్మాయి మేనత్త వాళ్ళిల్లు టౌన్‌లో ఉంటే మేం నలుగురం అక్కడ అరుగు మీద కూర్చుని చూశాం. మీసాలున్న మగవాళ్ళు చీరలు కట్టి, జడలు వేసి, పూలు పెట్టి, గాజులు వేసుకుని నడిచొస్తున్నారు. వాళ్ళలో మా క్యాంపస్ ఆఫీసులో గుమాస్తాగా పనిచేసే ఆయన ఉన్నాడు. పొద్దున ఫీజు చలానా మీద చిన్న కొట్టివేత ఉన్నా తిప్పి పంపే మనిషి, ఆ రోజు వాళ్ళావిడ పట్టుచీరలో, కొంగు సర్దుకుంటూ, మమ్మల్ని చూసి నవ్వి తలూపాడు. మైకుల్లో డప్పులు, వేపమండలు, మొహానికి సున్నం బొట్లు పెట్టుకున్న పిల్లలు. బండ వేషం వేసినవాళ్ళు ఎవరినిబడితే వాళ్ళని నోటికొచ్చిన బూతులు తిడుతున్నారు, తిట్లు తిన్నవాళ్ళు దండం పెడుతున్నారు. మేనత్త అయితే, "తిట్టించుకోండే, మంచిది" అని మమ్మల్ని ముందుకు తోసింది. ఏడాదంతా పెద్దవాళ్ళ ముందు గొంతెత్తని మనుషులకు ఆ వారం అమ్మవారే నోరిచ్చింది.

నగరి అమ్మాయి ఆ గోలలో నా చెవిలో అరిచింది: "చూసినావా, చున్నీకి పిన్నులంట!"

నేను ఆ మాట చాలాకాలం మోశాను. మేం క్యాంపస్‌లో సంప్రదాయమని పట్టుకున్నది నాలుగైదు బ్యాచ్‌ల కిందటి సీనియర్లు తమ భయానికి తాము పెట్టుకున్న కట్టు. ఊరి సంప్రదాయం అంతకంటే ఎన్నో రెట్లు పాతది, అందులో తిట్టుకూ చోటుంది, వేషానికీ చోటుంది, ప్రసాదంలో నీ వాటా ఎంతో రాతి మీద రాయించుకుని అడగడానికీ చోటుంది. 1939లో దేవస్థానం మొదలుపెట్టిన ప్రాచ్య పరిశోధన సంస్థ 1956లో మా యూనివర్సిటీకి వచ్చింది. అందులో తాటాకు గ్రంథాలు గదులనిండా ఉన్నాయి. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ లాంటివాళ్ళు తిరుపతిలో కూర్చునే అన్నమయ్య రాగిరేకులను పరిష్కరించి లోకానికిచ్చారు. వాళ్ళు ఎవరి నోట్సూ దించలేదు. ఒక్కో అక్షరాన్ని అనుమానించి, పోల్చి, సరిచూసి రాశారు. సంప్రదాయాన్ని బతికించిన పని అట్లాంటిది. మా క్లాసు గదికీ ఆ తాటాకులకీ మధ్య నడక దూరమే. ఆ దూరం నడిచినవాళ్ళు మా బ్యాచ్‌లో బహుకొద్దిమంది.

రెండో సంవత్సరం అందరం కలిసి కొండెక్కినప్పుడు నగరి అమ్మాయి కూడా వచ్చింది. "మార్కుల కోసమా?" అని వెంకటగిరి ఆటపట్టిస్తే "గోడల కోసం" అంది. క్యూలో గంటలు గడిచి, లోపలికి అడుగుపెట్టి, చుట్టూ గోవింద నామాలు మోగుతుంటే అందరి తలలూ ఆనంద నిలయం వైపు, ఈమె తల ఒక్కటే గోడ వైపు. రాతి మీద అక్షరాల వరుసలు. వెనకనుంచి తోపు, ముందు "జరగండి జరగండి" అని కేకలు. ఆమె నడుస్తూనే, మెడ వెనక్కి తిప్పి, దొరికినన్ని ముక్కలు పైకి చదువుతోంది. ఒకచోట గట్టిగా ఆగిపోయింది. చేతిలో సంచి ఉన్న పెద్దాయన ఒకాయన, "ఏముందమ్మా అక్కడ?" అన్నాడు విసుగ్గా. "ఎవరో దీపానికి డబ్బిచ్చినారు తాతా, సూర్యచంద్రులు ఉన్నంత కాలం వెలగాలంట" అంది. ఆయన కూడా ఆగి గోడ వైపు చూశాడు. వెనకాల వాళ్ళు ఇద్దరినీ కలిపి తోసేశారు. దర్శనమై బయటికొచ్చాక ఆయన మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చి, ఇంకేమేం రాసుంటుందో చెప్పమని బేడి ఆంజనేయస్వామి గుడి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

ఆ ఏడాది సెమినార్లలో కావలి అమ్మాయే మొదట చెయ్యెత్తింది. నగరి అమ్మాయి సెమినార్లోనే, రెండు రోజులు లైబ్రరీలో కూర్చుని తయారుచేసుకున్న ప్రశ్నతో. అడిగేటప్పుడు గొంతు వణికింది. నగరి అమ్మాయి మొహం వెలిగిపోయింది, "తెలీదు, చూసి చెప్తాను" అని రాసుకుంది. ఆ తర్వాత ఇంకో ఇద్దరు ముగ్గురు అడగడం మొదలుపెట్టారు. క్లాసంతా మారిపోయిందని చెప్పను. చాలామంది చివరిదాకా నోట్సే రాశారు, ఫస్ట్ క్లాసులూ తెచ్చుకున్నారు. తర్వాత బి.ఇడి.లు, డీఎస్సీలు, గ్రూప్స్ కోచింగులు, పెళ్ళిళ్ళు. తలా ఒక దిక్కయ్యాం. నేను పాతికేళ్ళు హైస్కూల్లో సోషల్ చెప్పాను. నా క్లాసులో తళ్ళికోట యుద్ధం తేదీ ఎక్కడ చదివారో చెప్పకపోతే మార్కు వేసేదాన్ని కాదు.

కొన్నేళ్ళ కిందట బ్యాచ్ వాళ్ళమంతా తిరుపతిలో కలిశాం. వాట్సాప్ గ్రూపులో ముందే నిర్ణయం అయిపోయింది: ఆడవాళ్ళంతా మెరూన్ రంగు పట్టుచీర, మగవాళ్ళంతా తెల్ల పంచె. వయసు యాభై దాటినా అలవాటు పోలేదనుకున్నాను. నగరి అమ్మాయి వస్తుందో రాదో, వస్తే ఏ రంగులో వస్తుందో అని అందరికీ టెన్షన్. సరిగ్గా అదే మెరూన్ కట్టుకుని దిగింది. "రంగు బాగుంది, కట్టుకున్నా" అంది. యాస చెక్కుచెదరలేదు. వేలూరు దగ్గర కాలేజీలో చెప్పి రిటైరవబోతోందట.

ఫోటోలు అయ్యాక అందరినీ గోవిందరాజస్వామి గుడికి తీసుకెళ్ళింది. ఒక గోడ దగ్గర ఆపి, కళ్ళజోడు తుడుచుకుని, ఒక శాసనం చదివి అర్థం చెప్పింది. నైవేద్యం, పల్లె, కాలవ, దాత వాటా.

"ఆగు ఆగు," అంది పలమనేరు, ఆ రాత్రి అందరికంటే గట్టిగా అరిచిన పలమనేరే. "ఆ నాలుగో వంతు దాతకి పోతే, కాలవ తవ్వినోళ్ళకేం దక్కింది? వాళ్ళ పేరు రాసుందా?"

నగరి అమ్మాయి గోడ వైపు ఇంకోసారి చూసి, "ఇందులో లేదు. వేరే వాటిల్లో వెతకాల" అంది. ఆ మాట మీద ఇద్దరూ వాదించుకుంటూ నడుస్తుంటే మేమంతా వాళ్ళ వెనకపడ్డాం. ఎవరి వాదన వాళ్ళం అందుకున్నాం. భోజనాలు చల్లారిపోతున్నాయని హోటల్ నుంచి రెండుసార్లు ఫోనొచ్చింది. ఆ ప్రశ్న ఇంకా తేలలేదు. మొన్న కూడా గ్రూపులో కావలి ఏదో సంపుటం పేజీ ఫోటో పెట్టింది, దాని మీద పలమనేరు ఒప్పుకోవడం లేదు.